ఎర్రకోటులో ఉక్కపోత

వారం రోజులుగా కమోరా కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. బాగ్యో అనే కొండమీది ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా పాతబట్టల కొట్టు నడుపుతున్న మనిషి. ఏ దేశంవాళ్ళో వద్దని పారేసిన బట్టల మూట విప్పిందంటే మోచేతులదాకా దిగిపోయి, చూడకుండానే ఏది ఉన్నో ఏది నూలో వేళ్ళతో చెప్పేస్తుంది. అలాంటిది ఇప్పుడు చేతి తొడుగుల జతలు కూడా కలపలేకపోతోంది. వచ్చినవాళ్ళు ఎంతకడిగితే అంతకిచ్చి పంపేస్తోంది. బేరమాడని కమోరాను ఆ సందులో ఎవరూ ఎరుగరు.

కారణం వాళ్ళమ్మ బయోసా. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. వారంగా రోజూ కలలోకి వస్తోంది.

రావడం వింతేం కాదు. వీళ్ళ ఇబలోయ్ తెగ ఇళ్ళలో పోయినవాళ్ళు అప్పుడప్పుడూ కలలోకి వచ్చి చలేస్తోందంటారు. పందిని కోసి, సమాధి తెరిచి, కొత్త దుప్పటి కప్పితే ఊరుకుంటారు. కానీ బయోసా మెడ దగ్గర కోటు లాక్కుంటూ, "ఉక్కపోస్తోందే" అంటోంది.

"ఉక్కా?" పూజలు జరిపించే బుగ్నాయ్ తాత నోరు తెరిచాడు. "నలభై ఏళ్ళుగా చూస్తున్నా, కప్పమన్నవాళ్ళే గానీ విప్పమన్నవాళ్ళు లేరు కదే!"

"అంతా అక్క నిర్వాకం తాతా," అన్నాడు తమ్ముడు సియానో. "అందరూ తల్లికి నేసిన దుప్పటి చుట్టి పంపిస్తే, ఈవిడగారు మూటలోంచి ఎర్రకోటు లాగి తొడిగింది."

"అమ్మకి అదంటే ప్రాణంరా!"

"ఇంకోటేదైనా కొనిచ్చి చూశావా, దేనిమీద ప్రాణముందో తెలియడానికి?"

వాడన్నది నిజమే. అమ్మకి కమోరా ఇచ్చిన రవికలు, మేజోళ్ళు, చర్చికి కట్టుకెళ్ళే లంగా, అన్నీ మూటల్లోవే. గుండీ ఊడితే కుట్టింది, చినిగితే అతుకేసింది, అతుక్కీ పనికిరాకపోతే మసిగుడ్డ చేసింది. తన చేతిలో పడ్డ గుడ్డ వృథా కాదని ఊరంతా గొప్పగా చెప్పుకుంది. అది పొదుపో, తల్లి దగ్గర చూపించిన పిసినారితనమో ఇప్పుడు తేల్చుకోలేకపోతోంది. అంగడిలో నిలబడ్డా అదే గోల, అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

మర్నాడే నేతగత్తె ఇంటికి వెళ్ళి, మగ్గం మీంచి అప్పుడే దించిన నూలు దుప్పటి తెచ్చింది. శనివారం పొద్దున్నే పందిని కోశారు. ఇంటి వెనక సమాధి తెరిచారు.

పెట్టె చెక్కలు చివికిపోయాయి. బయోసావి ఎముకలే మిగిలాయి. కోటు మాత్రం అలాగే ఉంది. కమోరా చేత్తో మట్టి తుడిచింది. తొడిగిననాటి ఎరుపే. ఒక్క పోగు విడలేదు, ఎక్కడా చివకలేదు.

బుగ్నాయ్ తాత కోటు అంచు పట్టి చూశాడు. "చెక్క మట్టిలో కలిసింది, ఒళ్ళు కలిసింది. ఇది మాత్రం మట్టికి కూడా అక్కర్లేదు. ఇందులో బిగించి ఉంచితే మీ అమ్మ ఎక్కడికి పోతుందే?"

కమోరా జిప్పు పట్టుకుని లాగింది. ఎక్కడా పట్టేయకుండా సర్రున జారింది. అది చూడగానే ఆమెకు దుఃఖం ఆగలేదు. "తప్పయిపోయిందమ్మా!" అంటూ బావురుమంది. ఏడుస్తూనే ఒక్కొక్క ఎముకా తీసి కొత్త దుప్పట్లో పెట్టింది. మడతలు సర్ది, సియానో, తనూ చెరోవైపు పట్టుకుని దించారు.

మట్టి కప్పాక కోటు మిగిలింది.

"కాల్చేద్దాం," అన్నాడు సియానో.

"ప్లాస్టిక్కురా అది. ఆ కంపు అమ్మ నెత్తిమీదా?"

"అయితే వాగులో పడెయ్."

"కింద ఊళ్ళవాళ్ళు తాగేది ఆ నీళ్ళే."

"ఇంకోచోట పాతిపెట్టు."

"నాలుగేళ్ళు పాతిపెడితే ఏమైందో చూశావుగా?"

"మరింకేం, కొట్లో తగిలించి అమ్ముకో!"

కమోరా తాత వైపు తిరిగింది.

"ఎక్కడ పెట్టను తాతా దీన్ని?"

బుగ్నాయ్ తాత చేతులు కడుక్కుంటున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"ఇన్నాళ్ళూ మీ అమ్మ మోసింది. ఇక నువ్వు మొయ్యి."