మగ్గం మీద చీర, ఏటి ఒడ్డున బాతులు

కుట్టు అంచు చీర ఒక్కరి చేత అయ్యే పని కాదు. ఒకరు మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, ఇంకొకరు పక్కన కూర్చుని అంచు దారం చుట్టిన నాడె అందించాలి. ఇద్దరిలో ఎవరు లేచిపోయినా మగ్గం ఆగినట్టే. ఇది ధర్మవరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. హనుమక్క మొగుడు చెన్నకేశవులుకు మాత్రం ఫాల్గుణం వస్తే చాలు, మరుపొస్తుంది.

తల మీద రెండు నల్లపట్టీలుండే బాతులు చలికాలమంతా చిత్రావతి ఒడ్డున మేసి, ఎండలు ముదిరేలోగా హిమాలయాల అవతలికి వెళ్ళిపోతాయి. అవి పోయేలోగా ఈయన చూడాలి! పెళ్ళయిన కొత్తలో హనుమక్క ఇదో ముచ్చట అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఈ ఏడాది మరీ విడ్డూరం. చప్పుడుకు పిట్టలు బెదురుతాయని మోపెడ్ మూలన పడేసి, తాడిమర్రి బస్సెక్కి పోతున్నాడు. పోనీ, తిరిగొచ్చి గుంటలో కూర్చున్నాకైనా ధ్యాస ఉంటుందా? అంచు దగ్గర పోగులు తప్పుతాడు. ఆమె తిట్టుకుంటూ విప్పించాలి. ఉగాదికల్లా చీర కావాలని హిందూపురం పెళ్ళివారి నుంచి పొద్దస్తమానం ఫోన్లు.

ఆవేళ ఆమె ఓపిక అయిపోయింది. షేర్ ఆటో ఎక్కి ఏటి ఒడ్డుకే పోయింది. కానుగ చెట్టు కింద, మెడలో బైనాక్యులర్ వేసుకుని, కొత్త అల్లుడిలా కూర్చుని ఉన్నాడు.

“ఏమయ్యా, ఆడ మగ్గం ఊరికే పడుండాది, నువ్వీడ కాపలా కాస్తాండావా?”

“అరచొద్దే. బాతులింగా దిగల్యా.”

ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో, గడ్డి మీద బాతులు బారులు తీరి మేస్తున్నాయి. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆమె వేలు చూపించింది. “మరి అవేంటివి?”

అతను బైనాక్యులర్ ఎత్తి ఇంకోవైపు చూశాడు. “ఆ... అవునవును, ఉండాయి,” అన్నాడు.

అటువైపు ఉన్నవి బండరాళ్ళు.

హనుమక్క అతని పక్కనే కూలబడింది. “ఎన్నాళ్ళ నుంచి ఇట్ల?”

“దసరా నుంచి. ఇంట్లో వెలుతురు చాల్లేదనుకుంటి. ఈడికొస్తే పొగమంచనుకుంటి. బాతులు కనపడితే కండ్లు బాగుండేట్టే గదా అని దినామూ వస్తాండా.”

ఆమెకు కోపం ఇంకా పెరిగింది. ఇన్ని తిట్లు తిన్నాడు గానీ ఒక్క మాట చెప్పలేదు. ఇన్నేళ్ళూ ఒకే మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి చెప్పుకోలేనంత నామోషీ ఏమిటో! కళ్ళు తుడుచుకుని గట్టిగానే అంది.

“రేపు కంటాస్పత్రికి పోదాం.”

“చీర?”

“చీర యాడికీ పోదులే.”

“డాక్టరు ఇంగ నేయొద్దంటే?”

అంతలో బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల చప్పుడుకు అతను ముఖం పైకెత్తాడు.

“పోతాండాయా?”

గుంపు అప్పటికే ఉత్తరానికి మళ్ళి, కొండ దాటి కనుమరుగవుతోంది.

“ల్యా,” అంది హనుమక్క. “మన నెత్తినే తిరుగుతాండాయి. బాగా చూడు.”

అతను తల దించకుండా చాలాసేపు చూశాడు.