వాసంతి కాగితం మూసిన సాయంత్రం

హైదరాబాద్‌లో శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి విమానం ఎక్కాను. దోహాలో దిగేసరికి అక్కడి గడియారంలో ఆరు కావస్తోంది. రావడానికి కారణం మా అక్క కూతురు వాసంతి చేసిన ఫోను.

"మామయ్యా, మా ఆర్కెస్ట్రా సంచాలకుడు ఆసుపత్రిలో చేరాడు. శుక్రవారం బాలే నృత్యానికి ఆర్కెస్ట్రాని నేనే నడపాలి. నువ్వుంటే ధైర్యం."

ఆమెకు నలభై ఒకటి. విజయవాడలో వయొలిన్‌తో మొదలుపెట్టి, యూరప్‌లో చదివి, పన్నెండేళ్ళుగా నర్తకుల సాధన గదుల్లో పియానో వాయిస్తోంది. ఒపేరాలకూ బాలేలకూ సహాయకురాలు. నిండు ప్రదర్శన ఒక్కటీ చేతికి రాలేదు. ఇది నిలబడితే మిగతా మూడు రోజుల ప్రదర్శనలూ ఆమెవే. లేదంటే వేరొకరిని రప్పిస్తారు.

విమానంలో నా పక్కన జగిత్యాల మేస్త్రీ కూర్చున్నాడు. మేనకోడలు పుల్ల పట్టుకుని అరవైమందిని వాయింపిస్తుందని చెప్పాను.

"అంటే ఫోర్‌మన్ అన్నట్టు. ఎవడు తప్పుజేసినా తిట్లు ఆమెకే పడ్తయ్ సార్," అన్నాడు. నాకు కాఫీ సహించలేదు.

శుక్రవారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది. పొద్దున్నే దిగేవారు టాక్సీ చూసుకోవాలి. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో చిన్న హోటల్లో సామాను పడేసి, మధ్యాహ్నం మెట్రోలో రెండు రియాళ్ళ టికెట్‌తో హాలుకు చేరాను. జుమా నమాజు తర్వాత, రెండింటికి రిహార్సల్.

ప్రధాన నర్తకి ఆరడుగుల మనిషి. ఆమె గాల్లోకి ఎగిరింది. పాదం నేల తాకకముందే సంగీతం దిగిపోయింది. తూలి, చీలమండ పట్టుకుంది. వేదిక ముందు వాద్యకారుల గుంటలో నిలబడ్డ వాసంతిని ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగింటికి వెనక వీధి మెస్‌లో వాసంతి చపాతీ తుంచి తుంచి పక్కన పెట్టింది.

"పొడుగు మనిషి గాల్లో ఎక్కువసేపు ఉంటుంది మామయ్యా. ఇన్నేళ్ళూ కాళ్ళు చూసి వాయించినదాన్ని, ఇవాళ భయంతో స్వరాల కాగితం చూశాను."

"ముందు తిను. ఆకలితో చెయ్యి వణుకుతుంది."

"వణికితే వయొలిన్లు అదే తాళమనుకుంటాయిలే."

ఇద్దరం నవ్వాం. ఆమె మాత్రం తినలేదు.

ఏడున్నరకు దీపాలు ఆరాయి. రెండో అంకంలో ఆ ఎగిరే ఘట్టం వస్తుండగా వాసంతి ఎదుట ఉన్న స్వరాల పుస్తకం మూసేసింది. నర్తకి పైకి లేచింది. వాసంతి చెయ్యి గాల్లో ఆగింది. అరవైమందీ ఆగారు. ఆ ఆగడం ఎంత పొడవో చెప్పలేను. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. పాదం దిగింది, చెయ్యి దిగింది.

బాలే ముగిశాక ప్రధాన నర్తకి తెరపక్కకు వెళ్ళి సంచాలకురాలిని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తేవడం ఆనవాయితీ. నర్తకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. జనం చప్పట్లు పలచబడుతుండగా ఇద్దరూ వచ్చారు. నర్తకి కుంటుతోంది.

మర్నాడు పొద్దున విమానాశ్రయం మెట్రోలో అడిగాను: "తెర వెనక ఏమంది?"

"ఇంకో అర క్షణం ఆగాల్సింది, రేపు ఆగు, అంది."

"'రేపు' అందా? అంటే ఇవాళ కూడా నువ్వేగా?"

"అంది. హాలు ఆఫీసు నుంచి మాత్రం ఇంకా కబురు లేదు." పదింటికి సాధన గదిలో ఉండాలంటూ గేటు దగ్గరే వెనుదిరిగింది.

దోహాలో ఏం చూశారని ఇంటికెళ్ళాక అడుగుతారు. సముద్రతీరం చూడలేదు, బజారు చూడలేదు. రెండు గంటలు ఒక మనిషి వీపు చూశాను. మీరు ఆ బాలేకి వెళితే, ఆమెను చూడగలిగే సీటు అడిగి తీసుకోండి.