పుర్రచేతి మిషను

మొన్న మా వంటింటి తలుపు చెదలు పట్టి కింది సగం రాలిపోతే, కొత్త తలుపుకు చెక్క చూసుకుందామని మా పెద్దమ్మాయితో కలిసి మా ఊరు నరసరావుపేటలోనే ఒక టింబరు డిపోకు వెళ్ళాను. చెక్క ఎంచుకోవడం, బేరమాడటం మా అమ్మాయి చూసుకుంది గాని, నేను మాత్రం వెనక షెడ్డులో కోత మిషను నడుస్తున్న చప్పుడు విని అటు వెళ్ళి నిలబడ్డాను. కొత్త మిషను, తెల్లగా మెరిసిపోతోంది, దుంగను అదే ఎత్తుకుంటుంది, అదే తిప్పుకుంటుంది. నడిపే కుర్రాడు బొత్తాల ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏంది మామ్మా, అట్టా చూస్తన్నావు? పొట్టు కళ్ళల్లో పడతది, ఇటు రా" అన్నాడు. నేను చూస్తున్నదేమిటంటే, దాన్ని ఆపే కడ్డీ ఎడమవైపు ఎక్కడుందా అని. అటు ఏమీ లేదు. ఇలాంటి మిషన్లు చేసిన ఇంటి కోడలినని చెబుదామనిపించింది గాని, ఏ కంపెనీ అని అడుగుతాడేమోనని ఊరుకున్నాను. మా కంపెనీకి పేరైతే ఉండేది గాని, దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. పల్నాడు అంతటా మా మిషన్లను పుర్రచేతి మిషన్లనే అనేవారు.

ఆ పుర్రచెయ్యి మా మామయ్యగారిది. ఆయన పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి. అన్నం తినడం, రాయడం, ఎవరికైనా ఏదైనా అందించడం చిన్నప్పుడు దెబ్బలు తిని కుడిచేతికి మార్చుకున్నారట గాని, సుత్తీ ఆకురాయీ పట్టుకుంటే మాత్రం ఎడమ చెయ్యే ముందుకు వచ్చేది. కొన్నాళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి, ఆ పైన ఊరి చివర రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా పని మొదలుపెట్టారు. ఆ రోజుల్లో నల్లమల నుంచి వేలంలో పాడిన టేకూ నల్లమద్దీ లారీల మీద మాచర్లకు దిగేవి, పల్లెల నుంచి తుమ్మ, వేప బండ్ల మీద వచ్చేవి. డిపోల్లో దుంగను ఎత్తున పెట్టి, పైన ఒకడూ కింద ఒకడూ నిలబడి పెద్ద రంపంతో రోజంతా కోసేవారు. కింద నిలబడేవాడి కళ్ళు సాయంత్రానికి పొట్టుతో ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవని మామయ్యగారు చెప్పేవారు. ఆయన ముందు లారీల నుంచి దుంగలు దించే గొలుసు కప్పీలు చేశారు, తరవాత దుంగలు మోసే ట్రాలీలు, ఆ తరవాత ఇంజనుతో తిరిగే కోత మిషను.

అందులో పెద్ద మర్మమేమీ లేదు. దుంగను ట్రాలీ మీద బిగించి, పట్టాల మీద నెట్టుకుంటూ, తిరిగే రంపానికి ఎదురు పంపాలి. నడిపే మేస్త్రికి ఒక పక్కన రంపం ఉంటుంది, రెండో పక్కన ఇనుప కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ లాగితే బెల్టు తప్పుకుని రంపం ఆగిపోతుంది. మిగతావాళ్ళ మిషన్లకు ఆ కడ్డీ కుడివైపు, రంపం ఎడమవైపు. మామయ్యగారు అప్పటికి అలాంటి మిషనును బొమ్మలో తప్ప చూసి ఎరగరు, కాబట్టి తన చేతికి ఎలా అందితే అలా చేసేశారు, కడ్డీ ఎడమవైపు, రంపం కుడివైపు. తిరగేసి చేశావని చెప్పే మనిషి కూడా చుట్టుపక్కల లేడు. మొదటిది కొన్న మాచర్ల డిపోలో దాని మీద పని నేర్చుకున్న మేస్త్రి ఇంకొకరికి నేర్పాడు, వాళ్ళు వేరే డిపోల్లో చేరి మాకు ఇదే మిషను కావాలన్నారు, అలా గురజాల, ఈపూరు, బెల్లంకొండ దాకా కుడిచేతి వాటం మనుషులంతా కోత దగ్గర మాత్రం ఎడమచేతి వాటం మనుషులైపోయారు.

నేను నడికుడి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి షెడ్డు మంచి ఊపులో ఉండేది. మావారు కొనుగోళ్ళు, వసూళ్ళ మీద తిరిగేవారు, నేను ఇంటి ముందుగదిలో ఫోను దగ్గర కూర్చునేదాన్ని. ఆ ఇంటి ఆనవాయితీ ఒకటి నన్ను మొదట్లో బాగా నవ్వించింది. ఏ మిషనైనా మామయ్యగారు తన చేత్తో మొదటి దుంగ కోస్తేనే షెడ్డు దాటాలి. ఆ కోతలో వచ్చిన మొదటి పలక మాత్రం మన ఇంట్లోనే ఉండాలి. అందుకని మా ఇంట్లో బల్లలు, అలమరలు, కూర్చునే పీటలు, ఆఖరికి కోళ్ళ గూడు కూడా తుమ్మ పలకలే. పీట వాల్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఈయన మిషన్లు అమ్మి ఇంటినిండా మొద్దులు పేరుస్తున్నాడని మా అత్తయ్యగారు గొణగని రోజు లేదు.

ఆ నవ్వులు కొంతకాలానికి ఆగాయి. మా మిషను మీదే పని నేర్చుకున్న ఈపూరు మేస్త్రి ఒకాయన, కూలి ఎక్కువ ఇస్తారని ఖమ్మం వైపు ఒక మిల్లుకు వెళ్ళాడు. అక్కడిది అందరి మిషను లాంటి మిషను. దుంగ జారిందో ఏమో, ఆపుదామని అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి చాపాడు. అక్కడ కడ్డీ లేదు, రంపం ఉంది. రెండు వేళ్ళు పోయాయి. గాయం మానాక మా షెడ్డుకు వచ్చి మామయ్యగారిని పలకరించాడు. పోట్లాటకు రాలేదు, మళ్ళీ ఇక్కడే ఏదైనా మిల్లులో పెట్టించమని అడగడానికి వచ్చాడు. "తప్పు ఎవురిదీ కాదులే పెద్దాయనా, చెయ్యి అటే పోయింది" అని, గుడ్డ చుట్టిన చేతిని ఆయనకే చూపించాడు. నేను కాఫీ ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళి, ఆ చెయ్యి చూసి అక్కడే ఆగిపోయాను. తన చేతివాటాన్ని లోకం చేతికి అంటించానని, అతను వెళ్ళాక మామయ్యగారు అత్తయ్యగారితో అన్నారట.

అప్పుడే పాలిటెక్నిక్ పూర్తిచేసి షెడ్డులో చేరిన మా మరిది, ఇకనుంచి లోకమంతా చేసేటట్టే చేద్దామన్నాడు. సరిగ్గా ఆ సమయంలో మాచర్లలో మా పాత ఖాతాదారు కొత్త మిషను అడిగాడు, అదీ కుడిచేతి వైపుది, బయటి జిల్లా మేస్త్రీలను పెట్టుకుంటున్నాడట. మరిది ఒప్పేసుకున్నాడు. మామయ్యగారు వద్దన్నారు. ఆ మిల్లులో మావి పాతవి ఉన్నాయి. పొద్దున పాతదాని దగ్గర నిలబడినవాణ్ణి మధ్యాహ్నం కొత్తదాని దగ్గరకు తోస్తారు, వాడి చెయ్యి ఎటు పోతుంది అని ఆయన ప్రశ్న. ఇంకా ఎడమవైపే చేసుకుంటూ పోతే మన దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ పొలిమేర దాటితే వేళ్ళు పోగొట్టుకుంటాడు గదా అని మరిది ప్రశ్న. ఇద్దరూ ఆ మేస్త్రి రెండు వేళ్ళనే చూపించి వాదించుకున్నారు, ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించేది, అందువల్ల ఇంట్లో ఎవరి పక్షం చేరాలో తెలియక వంటింట్లోనే ఉండిపోయేదాన్ని. చివరికి, ఇచ్చిన మాట తప్పితే పరువు పోతుందని మావారు అంటే, మిషను తయారైంది. మొదటి కోత మాత్రం నేనే కోస్తానని మామయ్యగారు పట్టుబట్టారు. మరిది వద్దన్నాడు. ఆనవాయితీ ఆనవాయితీయే అన్నారాయన. తనకు మాత్రం జాగ్రత్త తెలుసుననీ, కడ్డీ కుడివైపు ఉందని పదిసార్లు మనసులో అనుకుని మొదలుపెడతాననీ అన్నారు.

ఆ పొద్దున షెడ్డులో అందరం ఉన్నాం. కొబ్బరికాయ కొట్టారు, తుమ్మ దుంగకు పసుపు పూశారు. కోత సగం దాకా వెన్నలాగే సాగింది. ఆ తుమ్మచెట్టుకు ఎప్పుడో ఎవరో కొట్టిన మేకు లోపల దాగి ఉంది కాబోలు, రంపం దాన్ని తాకి కీచుమని నిప్పురవ్వలు చిమ్మింది. మామయ్యగారి ఎడమ చెయ్యి చటుక్కున లేచింది. లేచి, అక్కడ లేని కడ్డీ కోసం పోయింది. అవతల పక్కన నిలబడ్డ మరిది ఒక్క ఉదుటున కడ్డీ లాగాడు. రంపం ఆగేసరికి మామయ్యగారి చొక్కా చెయ్యి అంచు దాని పళ్ళలో చీలికలై వేలాడుతోంది, చర్మం మీద మాత్రం గీత పడలేదు.

ఆయన పక్కనే ఉన్న దుంగ మీద కూర్చుని, ఆ చేతిని ఇటూ అటూ తిప్పి ఎవరిదో చూసినట్టు చూసుకున్నారు. "ఎరిగుండి ఎక్కిన నాకే ఇట్టా అయితే, ఎరగనోళ్ళ సంగతేందిరా?" అన్నారు మరిదితో. మరిది తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి అంతమందిలో భోరున ఏడ్చాడు.

మిషను పంపలేదు. ఎడమా వద్దు, కుడీ వద్దు అంటే మరి ఎటు పెట్టాలన్నది ఎవరికీ తోచలేదు. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే తర్జనభర్జన సాగుతుంటే, చారు వడ్డిస్తూ నేను, రైలు పెట్టెలో ఆపే గొలుసును ఎవరు ఏ చేత్తో లాగుతారని చూసి పెట్టారు గనక అన్నాను. మా నాన్నగారు నడికుడి స్టేషనులో ఉద్యోగి కావడాన నాకు రైలు తప్ప ఇంకో పోలిక తెలియదు, అంతకుమించి అందులో నా తెలివేమీ లేదు. మామయ్యగారు ముద్ద పట్టుకునే నా వైపు చూశారు. మరిది చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. సాయంత్రానికి అత్తయ్యగారి ఉయ్యాలబల్ల గొలుసులు ఊడివచ్చి షెడ్డులో మిషను పైన, మేస్త్రి నెత్తికి కాస్త ఎత్తున, ఈ కొస నుంచి ఆ కొసకు వేలాడాయి. ఎక్కడ పట్టుకుని ఏ చేత్తో లాగినా బెల్టు తప్పుకునేది. ఉయ్యాల లేని ఇంట్లో అత్తయ్యగారు ఎంతకాలం సాధించారో చెబితే అదొక వేరే కథ అవుతుంది.

మాచర్ల మిషను గొలుసుతోనే వెళ్ళింది. అంతటితో ఆగక, మామయ్యగారు అప్పటిదాకా అమ్మిన పాత మిషన్లన్నిటికీ గొలుసు బిగించాలని బయలుదేరారు. బస్సులో గొలుసుల గోతం పెట్టుకుని ఊరూరూ తిరిగారు. బిగించి ఊరుకోలేదు, ప్రతి మేస్త్రీ పొద్దున ఇంజను పెట్టగానే ఒకసారి గొలుసు లాగి, రంపం ఆగిందని చూసుకున్నాకే కోత మొదలుపెట్టాలని ఒట్టు వేయించుకున్నారు. చేతికి చెప్పిన మాట చేతిలోనే ఉండాలి, బుర్రలో ఉంటే చాలదని ఆయన వాదన. పైకి లేవడం అలవాటైన చెయ్యి, రేపు గొలుసు లేని మిల్లుకు పోయినా రంపం మీద మాత్రం పడదనేవారు. కొందరు మిల్లు యజమానులు విసుక్కున్నారు గాని, మేస్త్రీలు మాత్రం దాన్ని దీపం వెలిగించడం లాగా పాటించారు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. అడవి వేలాలు తగ్గాయి, సుబాబుల్ కర్ర కోతలు లేకుండానే లారీలెక్కి కాగితం మిల్లులకు పోతోంది, తలుపులు ఫ్యాక్టరీల నుంచి తయారై వస్తున్నాయి. పెద్ద కంపెనీల మిషన్లతో మేము పోటీ పడలేకపోయాం, అందుకు నాకు పెద్ద బాధ కూడా లేదు. మామయ్యగారు పోయిననాడు పల్నాడు నలుమూలల నుంచి కోత మేస్త్రీలు వచ్చారు, అప్పటికే చాలామంది ముసలివాళ్ళు. ఒక్కొక్కరు వంగి దణ్ణం పెడుతుంటే నా చూపు ముఖాల మీద నిలవక చేతుల మీదకే పోయింది. ఆ పనిలో ముసలితనం దాకా వేళ్ళన్నీ నిలుపుకున్నవాళ్ళు అరుదు. అక్కడ నా ముందు జోడించిన చేతులు దాదాపు అన్నీ నిండుగా ఉన్నాయి. నాకు దుఃఖం ముంచుకొచ్చింది అప్పుడే.

ఇప్పటి మిషన్లు మంచివే, మా వాటికంటే చాలా మంచివి, కాదనను. కాని చేసినవాడు ఎక్కడో ఉంటాడు, దాని ముందు నిలబడేవాడు ఎక్కడో ఉంటాడు. ఎవరి చెయ్యి తెగినా ఆ చెయ్యి ఎవరిదో చేసినవాడికి తెలిసే దారి లేదు, కాబట్టి వాడికి రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. మా ఇంట్లో ఒక మనిషికి ఏళ్ళ తరబడి ఆ నిద్ర లేదు. ఆయనకు నిద్ర పట్టలేదు గనకే, మాచర్లలోనూ గురజాలలోనూ ఎందరో ఇల్లాళ్ళకు మొగుడు పనికి వెళ్ళిన పూట గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునే వీలు దొరికింది.