పెద్దమ్మ ఆనుకున్న గోడ

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను బొల్లారంలో ఒక కొత్త ఇంట్లో నిచ్చెన మీద నిలబడి, గోడకు స్పీకర్ ప్లేటు బిగిస్తున్నాను. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, నోట్లో రెండు స్క్రూలు. ఫోన్ చేసింది పెద్దమ్మ పక్కింటి ముస్లిం ఆవిడ, నేను ఖాలా అని పిలుస్తాను.

"బేటా, మీ పెద్దమ్మ లేస్తలేదు. లేపి లేపి చూసిన. జెర జల్ది రా," అంది.

నోట్లో స్క్రూలు కిందికి ఉమ్మేశాను. అటువైపు ఖాలా ఏడవడం మొదలుపెట్టాకే విషయం బుర్రకెక్కింది. ఆ ప్లేటును వంకరగానే వదిలేసి నిచ్చెన దిగాను. ఇప్పటికీ వెళ్లి సరిచేయలేదు. ఆ ఇంటివాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు, చేయనీ.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. భర్త చాలా ముందే పోయాడు, పిల్లలు లేరు. రెజిమెంటల్ బజార్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. సికింద్రాబాద్‌లో ఇప్పుడు లేని ఒక సినిమా హాలులో, ఆడవాళ్ల టికెట్ల కిటికీ వెనక కూర్చుని బతుకంతా వెళ్లదీసింది. మీలో పాతవాళ్లు ఎవరైనా ఆ కిటికీలో చెయ్యి పెట్టి ఉంటే, "లైన్ల నిలవడమ్మా, ఇది మీ ఇంట్ల పెండ్లి గాదు" అనే గొంతు విని ఉంటారు. ఆ గొంతు మా పెద్దమ్మది.

ఆమె కూర్చునే గదికి వెనక గోడ, హాలు గోడ ఒకటే. ఆట మొదలయ్యాక కిటికీ మూసేసి, కుర్చీ వెనక్కి జరిపి, ఆ గోడకు తల ఆనించి కూర్చునేది. అన్నేళ్లలో వచ్చిన సినిమాలన్నీ ఆమె అలాగే విన్నది, చూసినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సెలవుల్లో అమ్మ నన్ను ఆమె దగ్గర వదిలి పనికి పోయేది. నేను హాల్లోకి దూరి బొమ్మ చూసి వచ్చి కథ చెప్పబోతే, "నాకు చెప్తున్నవా?" అని నవ్వి, నేను చూసిందంతా నాకంటే ముందే అప్పజెప్పేది. హీరో తల్లి ఏ మాటకు ఏడుస్తుందో, విలన్ ఏ మెట్టు మీద జారిపడతాడో కూడా. లోపలికి వచ్చి చూడొచ్చు కదా అని అడిగితే ఒకటే జవాబు.

"లోపలికి పోతే బొమ్మ అడ్డమొస్తదిరా."

నేను ఈ పనిలోకి ఎందుకు వచ్చానని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెబుతాను కానీ, అసలు సంగతి ఇదే. ఇళ్లల్లో హోమ్ థియేటర్ పెడతాను. గోడలో గాడి కొట్టి, పైపు వేసి, అందులోంచి తీగ లాగి, అది బయటికి వచ్చే చోట స్విచ్ బోర్డులాంటి చిన్న ప్లేటు బిగిస్తాను. ప్లేటుకు ఎర్రదొకటి, నల్లదొకటి రెండు రంధ్రాలు. స్పీకర్ తీగ అక్కడ పెడితే చాలు. ఇంట్లో ఎక్కడా వైరు వేలాడదు. కస్టమర్లకు కావలసింది అదే, సౌండ్ సంగతి తర్వాత. ఒక్క స్పీకరూ పెట్టకుండా ప్లేట్లు చూసే మురిసిపోయినవాళ్లు ఉన్నారు.

హాలు కూల్చేశాక పెద్దమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. నాలుగైదేళ్లకు చెవులు మొరాయించడం మొదలైంది. డాక్టరు చెవికి మిషన్ ఇచ్చాడు. ఆమె దాన్ని టీపొడి డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది.

"అండ్ల అన్నీ ఇనవడ్తయ్‌రా. కుక్కర్ సీటీ, గిన్నెల చప్పుడు, బయట ఆటోలు. పరేషాన్ అయితది. నాకు బొమ్మ సౌండ్ ఒక్కటి ఇనవడ్తె చాలు," అంది.

ఉన్న వినికిడి కూడా నిలిచేది కాదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ రోజే అనుకున్నాను, అది పూర్తిగా పోకముందే ఆమె ఇంట్లోకి హాలు సౌండ్ తేవాలని. ఎంత గొప్ప ఇంట్లో పెట్టినప్పుడూ అంత ఆత్రపడలేదు. ఒక కస్టమర్ కొత్తవి కొని వదిలేసిన పాత స్పీకర్లు, ఆంప్లిఫయరు నా దగ్గర ఉన్నాయి. ఆదివారం సామాను వేసుకుని వెళ్లాను.

"గోడ ఖరాబ్ చేస్తె ఇంటాయన ఊకుంటడా?" అని ముందు గొణిగింది. తర్వాత తానే కొంగు ముక్కుకు కట్టుకుని పక్కన నిలబడింది. ఆ గోడ పాత డంగు సున్నపుది. డ్రిల్ పెడితే పిండిలా రాలింది. ప్లేటు వెనక ఉండే పెట్టె నిలవక సిమెంటు కూరాల్సి వచ్చింది. సాయంత్రానికి ముందు గదిలో ప్లేట్లు బిగించి, స్పీకర్లు గోడకు ఎక్కించి, ఎదురుగా ఆమె కోసం కుర్చీ వేశాను. ఆమె కుర్చీ వైపు చూడను కూడా చూడలేదు. పీట తీసుకుని వంటింట్లోకి వెళ్లి, అదే గోడకు అవతలి వైపు తల ఆనించి కూర్చుంది.

"ఆడ కూసుంటె ఎట్లా పెద్దమ్మా?" అని అరిచాను.

"నా జాగ ఇదేరా. నువ్వు షురూ చెయ్యి."

ఇంకో మాట కూడా చెప్పింది. మేం స్పీకర్ వెనక రబ్బరు ముక్కలు పెడతాం, గోడ వణకకుండా. వాటిని తీసేయమంది. గోడ అదురుతుంది, సౌండ్ పాడవుతుంది అని ఎంత చెప్పినా వినలేదు. తీసేశాను. ముసలివాళ్ల మొండితనం అనుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. ఆమె అడిగిన సినిమానే పెట్టాలి, అది ఆమె హాల్లో ఆడినదే అయి ఉండాలి. కొత్తది పెడతానంటే "వద్దురా, తక్లీఫ్" అనేది. నేను ముందు గదిలో, ఆమె వంటింట్లో. ఖాలా చాయ్ గ్లాసులు తీసుకుని ఇద్దరికీ మధ్య గుమ్మంలో కూర్చునేది. తెర మీద మాట రాకముందే పెద్దమ్మ నోట్లోంచి ఆ మాట వచ్చేది. ఫైటు మొదలైతే మోకాలు మీద చరిచేది. ఇంటర్వెల్ అప్పుడు తల ఇటు పెట్టి, "సమోసాలు, సమోసాలు" అని హాల్లో అమ్మేవాడిలా అరిచేది. నాకు ఎంత గర్వంగా ఉండేదో ఏమని చెప్పను. ఇనవడ్తుందా అని గుమ్మంలోంచి చేత్తో సైగ చేస్తే, "మస్తు ఇనవడ్తుంది" అని నవ్వేది.

వంటింటి గోడ మీద ఆమె తల ఆనే చోట కొబ్బరినూనె మరక పడింది. నా భార్య చూసి, "కనీసం ఒక గుడ్డ పెట్టుకోరాదా అత్తమ్మా," అంది. పెద్దమ్మ వినిపించుకోలేదు.

దినం అయిన రోజు, చుట్టాలందరూ వెళ్లిపోయాక, నేను ఖాలాతో అదే గుమ్మంలో కూర్చున్నాను. ఆఖరికి వినగలిగినన్నాళ్లు విన్నది, అదొక్కటే తృప్తి అన్నాను. ఖాలా చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నీతోని చెప్పొద్దన్నది బేటా. ఆమెకు ఏం ఇనవడ్తుండె? మొన్న బోనాలకు గల్లీల డప్పులు కొడుతుంటె, 'ఈసారి డప్పులోల్లు రాలేదా' అని అడిగింది నన్ను."

నేను నమ్మలేదు. మరి డైలాగులన్నీ ఎలా చెప్పేది అన్నాను.

"అవన్నీ నోటికి ఉండె గదా. గోడ వణుకుతది, తలకాయకు తెలుస్తది, దాన్ని బట్టి చెప్తా అన్నది. ఇనవడ్తలేదంటె నువ్వు మళ్ల గోడ తవ్వుతవని భయం. 'పోరడు ఇంకింత పెద్ద డబ్బాలు దెచ్చి పెడ్తడు, ఇల్లు కూలుతది' అని నవ్వింది. నవ్వినంక ఏడ్చింది."

అప్పటినుంచి నాకు పని చేయబుద్ధి కావడం లేదు. ఆదరాబాదరాగా గోడ తవ్వి నేను ఇంట్లోకి తెచ్చింది హాలు కాదు. ఆమె చెవులు మూసుకుపోయాయి, నేను ఇవతలి గదిలో సౌండ్ పెంచుకుంటూ కూర్చున్నాను. అంత నిశ్శబ్దంలో ఒంటరిగా కూర్చుని, నా కోసం సమోసాలు అని అరిచింది ఆ మనిషి. ఈ బాధ కాలం గడిస్తే తగ్గుతుందని అందరూ అంటున్నారు. తగ్గినా నాకు ఒరిగేదేమీ లేదు.

ఇంటాయన మంచివాడే. అయినా ఇల్లు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుకుంటాడు? నిన్న సామాను తీసుకుపోదామని వెళ్లేసరికి పెయింటరు గోడలు చూస్తున్నాడు. వంటింటి మరక మీద గోటితో గీకి, "అన్నా, దీని మీద రంగు పట్టదు. మొత్తం గీకాలె. రేపొచ్చి చేస్త," అని వెళ్లిపోయాడు.

స్పీకర్లు విప్పేముందు ఆమెకు బాగా ఇష్టమైన సినిమా ఒకటి పెట్టాను. వంటింట్లోకి వెళ్లి, ఆమె పీట మీద కూర్చుని, మరక దగ్గరికి వంగి తల ఆనించి, రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకున్నాను. గోడ సన్నగా వణికింది. కాసేపు ఆగింది, మళ్లీ వణికింది. అది పాటో, ఫైటో, తల్లి ఏడుపో నాకు ఒక్క ముక్క తెలియలేదు. ఆ సినిమా నేను పదిసార్లు చూశాను. ఆమె ఇందులోంచి అంత కథా ఎలా తీసిందో ఎంతకీ అంతుపట్టలేదు. చేతులు నొప్పెట్టినా తీయలేదు. చివరికి గోడ కదలడం మానేసింది. అలా తెలిసింది నాకు, ఆట అయిపోయిందని.

లేచి చూస్తే, ఆమె నూనె మరక పక్కనే నా తల ఆనిన చోట చిన్న చెమట మరక. పెయింటరు రేపు వచ్చి రెండూ గీకేస్తాడు.