నాలుగు ముక్కలైన టీసీ

నెహ్రూ నగర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో చిన్నమ్మలు పందొమ్మిదేళ్లుగా అటెండరు. పెళ్లయి పాలకొండ నుంచి భిలాయి వచ్చిన మనిషి. ఒకప్పుడు శనివారం శనివారం ఆఫీసు వెనక చిత్తు కాగితాలు తగలబెట్టే పని ఆమెదే. బూడిద లేచి పక్కింటివాళ్ల బట్టల మీద పడేది.

"తెల్లటి కాయితం, ఒకేపు రాసీసి మంటలో ఏసీడమేటమ్మా? నా సేతులే కాలినట్టుండేవి" అంది నాతో.

ఎవరూ చెప్పకుండానే ఆ కాగితాలను తెల్లవైపు పైకి పేర్చి, కట్టగా నాలుగు ముక్కలు కోసి, దారంతో కుట్టి చీటీ పుస్తకాలు చేయడం మొదలుపెట్టింది. మేనేజరు సతీష్‌కుమార్ ముచ్చటపడి ఒకవైపే వాడిన కాగితాలకు ఒక ట్రే పెట్టించాడు. ప్రింటరుతో రెండువైపులా అచ్చు వేయించాడు. నెలకు పద్దెనిమిది రీములు పట్టే ఆఫీసుకు ఏడు చాలుతున్నాయి.

మొన్న ఏప్రిల్‌లో ఒక శుక్రవారం సతీష్‌కుమార్ చీటీ రాసి చించి చిన్నమ్మలుకు ఇచ్చాడు: చాయ్ నాలుగు, ఒకటి చక్కెర లేకుండా. నడుస్తూ చీటీ తిరగేసింది. వెనక ఊదారంగు సిరా. తెలుగు అక్షరాలు. విద్యార్థి పేరు: ధర్మారావు.

అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

ధర్మారావు సైట్‌లో సేఫ్టీ చూసే మనిషి. ఆఫీసు రికార్డులో అతని వయసు రెండేళ్లు ఎక్కువ పడింది. దాని ప్రకారం ఈ నెలాఖరుకే రిటైరై ఇంటికి పోవాలి. బడిలో ఇచ్చిన టీసీ, అసలుది, సోమవారం హెడ్డాఫీసు నుంచి వచ్చే ఆఫీసరుకు చూపిస్తే రెండేళ్ల ఉద్యోగం మిగులుతుంది. అది దాచమని ఆఫీసులో కంప్యూటర్ పని చూసే వందన చేతికి అతను ఇచ్చి వారం కాలేదు.

"వందనా! ఇదేటే?"

వందన కంప్యూటర్ దగ్గర నుంచి తలెత్తింది. "పురానా కాగజ్, పాత కాయితం కదా ఆంటీ. స్కాన్ అయిపోయింది, ట్రేలో పెట్టీసా."

"పేరు సూడ్లేదా?"

"నాకు తెలుగు పఢ్నా ఎక్కడొచ్చు?" అంటూనే ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "హే భగవాన్... ఒరిజినలా?"

చదవడం వచ్చిన చిన్నమ్మలేమో రాతవైపు చూడకుండానే కోసేసింది. "కత్తెర ఆడించింది నేనే కదమ్మా" అని నాకు చెప్పింది.

బల్లబల్లకీ తిరిగి చీటీ పుస్తకాలు విప్పేశారు. ఇంకో రెండు ముక్కలు దొరికాయి. పుట్టినతేదీ ఉన్న ముక్క లేదు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ బలరాం చీటీలు గుచ్చే ఇనపకడ్డీకి కనబడింది. వెనక ఏదో లారీ నంబరు. కడ్డీ గుచ్చిన చిల్లు తేదీకి బియ్యపుగింజంత దూరంలో ఉంది.

సాయంత్రం ఆ నాలుగు ముక్కలూ పట్టుకుని ధర్మారావు ఇంటికి వెళ్లింది.

"అన్నియ్యా, నన్ను తిట్టు. కొట్టినా పడతాను."

అతను తిట్టలేదు. ముక్కలను మంచం మీద పరిచి, అంచులు కలిపి అతికించడం మొదలుపెట్టాడు. అదే ఎక్కువ భయపెట్టిందట.

సోమవారం ఆఫీసరు అతికించిన టీసీ తిప్పి చూశాడు. "యే క్యా హై? చాయ్ కా ఆర్డర్?"

"హాఁ సాబ్. కాట్నేవాలీ మై హూఁ" అని, కోసింది తనేనని చెప్పేసింది చిన్నమ్మలు. ఎవరూ అడగకముందే.

ఆయన స్కాన్ కాపీ పక్కన పెట్టుకుని, గుండ్రటి ముద్ర అంచులు కలిశాయో లేదో వేలితో చూసుకున్నాడు. ప్రతి పంక్తీ ఆమెతో చదివించి హిందీలో చెప్పించుకున్నాడు. అరగంట. తర్వాత సంతకం పెట్టాడు.

ధర్మారావు బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. "రెండేళ్లు ఇచ్చినారు సెల్లీ."

ఆమె వచ్చి పక్కనే కూర్చుంది.

"కాయితాలు కొయ్యడం మానకు. కానీ నా కాయితాలున్న గదిలోకి మాత్రం కత్తెర్ని తేకు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. చేతులు కొంగులో దాచుకుంది.