అద్దం మీద నాన్న చెయ్యి

నాన్న పోయాక ఆయన పాత కారును నేను మొదటిసారి నడిపింది ఒక మంచు ఉదయాన. పుంగనూరు దాటకముందే ముందద్దం లోపలంతా ఆవిరి పట్టింది. ఆ తెల్లదనంలో, నా కళ్ళకంటే బెత్తెడు ఎత్తులో, ఒక గుండ్రం తేటగా మిగిలింది. దాని పక్కన నాలుగు వేళ్ళ గీతలు. చలికాలంలో నాన్న అరచేత్తో అద్దం తుడుచుకుని, ఆ కంతలోంచి దారి చూస్తూ నడిపేవాడు. తలకు రాసుకున్న కొబ్బరినూనె ఆయన చేతికి ఎప్పుడూ ఉండేది. ఆ జిడ్డు మీద ఆవిరి నిలవదని నాకు తెలుసు. తెలిసినా ఆ గుండ్రంలోంచి దారి చూడలేకపోయాను. కారు తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.

కుప్పంలో నాకు కొత్త ఉద్యోగం. పొద్దున్నే బయలుదేరాలి.

“కండ్లు కనపడకుండా లారీల మధ్యన యాడికి పోతావు?” అంది అమ్మ. “ఆ హీటరన్నా బాగు చేయించు, లేదంటే కారు అమ్మేద్దాం.”

మా వైపు పాత కారు కొన్నవాళ్ళు మొదట చేయించే పని హీటరును పక్కన పెట్టించడం. ఈ ఎండల్లో ఇదెందుకని, ఇంజను నుంచి హీటరుకు పోయే వేడినీళ్ళ గొట్టాన్ని వెనక్కి వంచి మళ్ళీ ఇంజనుకే తగిలించేస్తారు. నాన్నా అదే చేయించాడు.

మెకానిక్ షెడ్డులో మగవాళ్ళ మధ్య నిలబడి అడగడం నా వల్ల కాదు. మదనపల్లెలో రెండు రబ్బరు గొట్టాలు, క్లిప్పులు కొనుక్కొచ్చి, కారుతోపాటు వచ్చిన పాత పుస్తకంలో బొమ్మ చూస్తూ ఆదివారం నేనే మొదలుపెట్టాను. అమ్మ స్టూలు వేసుకుని పక్కన కూర్చుంది.

“మీ నాయనా ఇంతే. ఇంజనుతో మాట్లాడతాడు, ఇంట్లో మనిషితో మాట్లాడడు.”

“నేను మాట్లాడతాండానా?”

“ఇందాకట్నుంచి గొణుగుతాండావు గదమ్మా.”

ఇంజను వేడెక్కినా లోపల చల్లగాలే వచ్చింది. నాకు హాయిగా అనిపించింది. హీటరు పనిచేస్తే ఆవిరి ఉండదు, నాన్న చెయ్యి కనపడదు. పనిచేయకపోతే అసలు కారే ఉండదు.

గొట్టాలు తాకి చూశాను. ఒకటి కాలుతోంది, రెండోది చల్లగా ఉంది. బొమ్మ డ్రైవరు సీటు వైపు నుంచి వేసింది. నేను బానెట్టు ముందు నిలబడి చూసి, కుడి ఎడమలు తారుమారు చేసి, నీళ్ళు పోయే గొట్టాన్ని వచ్చేచోట, వచ్చేదాన్ని పోయేచోట తగిలించాను. లోపల గాలి చిక్కి నీళ్ళు తిరగలేదు. ఇంజను చల్లారాక రెండూ మార్చి బిగించాను. ఈసారి రెండూ వేడెక్కాయి. కాలిన దుమ్ము వాసనతో వెచ్చటి గాలి మొహానికి కొట్టింది.

మర్నాడు అమ్మ కూడా ఎక్కింది. పలమనేరు దాకా వచ్చి, అద్దం సంగతి చూసి, బస్సులో తిరిగొస్తానంది. ఆవిరి పట్టింది, గుండ్రం తేలింది. హీటరు వేశాను. అద్దం కింది అంచు నుంచి తేటపడుతూ పైకి వచ్చింది. గుండ్రాన్ని చేరింది, దాటిపోయింది. రోడ్డంతా కనిపించింది.

పుంగనూరు దాటాక, “పక్కన ఆపమ్మా. దాన్ని ఒక్క రవ్వ ఆర్పు,” అంది అమ్మ.

“నువ్వే గదమ్మా కావాలంటివి?”

“నేనే అంటి. నీకొక్కదానికే కనపడిందనుకుంటివా? నువ్వు లేసేలోగా దినామూ ఈ కార్లో కూసుని అద్దం మీద ఊపిరి ఊదతా ఉంటి.”

కారు పక్కకు తీసి ఆపాను. హీటరు కట్టేశాను. మా ఇద్దరి ఊపిరికి అద్దం కొంచెం కొంచెంగా తెల్లబడింది. ముందు వేళ్ళు వచ్చాయి, తర్వాత గుండ్రం. అమ్మ దాన్ని తాకలేదు. ఎదురుగా వచ్చే లారీ దీపం ఒకటి అందులోంచి కనిపించి పోయింది.

“ఆఫీసుకు పొద్దవుతాది, పా,” అంది అమ్మ. హీటరు మీట వైపు చూసింది కానీ చెయ్యి చాపలేదు.

నేనే తిప్పాను.