అన్నం బుట్టలో మాత్రలు

ఉరై చెబితే అర్థం కాలేదన్న రోగి ఆ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో లేరు. వయసులో ఉన్నప్పుడు ఆమె, బ్యాంకాక్‌కు దూరంగా ఈశాన్య దిక్కున ఉన్న ఈశాన్ పల్లెల సంతల్లో మైకు పట్టుకొని కీళ్లనొప్పుల తైలం అమ్మింది. గుంపును నిలబెట్టే గొంతు, ముఖం చూసి మనసు పసిగట్టే నేర్పు ఆమెకు అక్కడే అలవడ్డాయి. డాక్టర్లు బ్యాంకాక్ భాషలో చెప్పినదానికల్లా పల్లెటూరి ఆడవాళ్లు మర్యాదకు తలలూపి, ఇంటికి వెళ్లాక ఒకరినొకరు అర్థమడుగుతున్నారని గ్రహించిన డాక్టర్ విచియన్, కొత్త మందుల పరీక్షల సంగతి రోగులకు వాళ్ల యాసలోనే విడమరచి చెప్పడానికి ఆమెను నియమించాడు. తప్పక తగ్గుతుందని సంతలో ఒట్టుపెట్టి చెప్పిన ఆ నోరే, తగ్గుతుందో లేదో తెలియదని చెప్పడం నేర్చుకోవలసి వచ్చింది.

ఆ ఏడు వచ్చినది మోకాళ్ల నొప్పుల మందు. నోంగ్‌ఫై గ్రామం నుంచి పట్టు నేసే ఆడవాళ్లు కలిసి వచ్చి ఆమె ఎదుట కూర్చున్నారు.

"ఈ మందు పనిచేస్తుందో లేదో డాక్టర్లకే తెలీదక్కా. తెలుసుకోడానికే ఇదంతా. సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం దానిలాగే ఉండే ఉత్త మాత్ర. మందు మింగామన్న ధైర్యంతోనే కొందరికి నొప్పి తగ్గినట్టుంటుంది కదా, అందుకని రెండూ పోల్చి చూడాలి. ఎవరికి ఏది అన్నది, సైన్యంలోకి ఎవరు పోవాలో తేల్చే చీటీలు తీసినట్టే. మీ పిల్లలు వెళ్లి తీయలేదూ? ఎర్రచీటీ వస్తే సైన్యం, నల్లచీటీ వస్తే ఇల్లు. ఇక్కడా అంతే. మీకేది వచ్చిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దనొచ్చు, మధ్యలోనైనా మానెయ్యొచ్చు. మీకు జరగాల్సిన వైద్యం ఆగదు. ఎవరి మాత్రలు వాళ్లే వేసుకోవాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు."

చీటీల మాట వినగానే అందరి ముఖాలూ ఒక్కసారి మారాయి. అర్థమైందన్నమాట అనుకొని ఉరై లోలోపల సంతోషించింది.

అందరూ చేరారు, వాళ్లతో వచ్చిన కమ్మూన్ అవ్వ ఒక్కతే తప్ప. రక్తపరీక్షలో ఆమె మూత్రపిండాలు బలహీనంగా ఉన్నట్లు తేలింది. ఈ మందు వాటికి మరింత భారం కావచ్చు. ఆ సంగతి కూడా ఉరైయే కూర్చోబెట్టి చెప్పింది.

"నా మూత్రపిండాలకి మర్యాద తెలీదే. మోకాళ్ల పనిమీద వస్తే అవి ముందుకొచ్చి కూర్చున్నాయి," అని అవ్వ నవ్వింది.

రెండవసారి పరీక్షకు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, నొప్పి ఎలా ఉందని అడిగారు. "సగం తగ్గింది," అన్నది మొదటి ఆమె. రెండవ ఆమెదీ అదే మాట. చివరి ఆమెదీ అదే. డాక్టర్ విచియన్ ముఖం వికసించింది. ఉరైకి మాత్రం సంత గుర్తొచ్చింది. తైలం కొన్న గుంపులో ఒకరు పొగిడితే ఇంకొకరు తిట్టేవారు, మూడోవారు సీసా వెనక్కి ఇవ్వజూపేవారు. ఇంతమంది ఒకే మాట అంటున్నారంటే ఎక్కడో ఏదో జరిగి ఉండాలి. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తోచలేదు. తెల్లవారగానే పల్లె బండి ఎక్కి నోంగ్‌ఫైకి బయలుదేరింది.

స్తంభాలమీద నిలిచిన ఇంటి కింద మగ్గాలు ఆడుతున్నాయి. నేతగత్తెల్లో పెద్దనోరున్న థోంగ్‌సాయ్ ఆమెను చూసి నవ్వింది. "అన్నం తిన్నావటే? రా, కూర్చో."

చాపమీద, అందరూ కలిసి తినే జిగురన్నం పెట్టుకునే వెదురుబుట్ట మూత తీసి ఉంది. అందులో అన్నం లేదు. తెల్లని మాత్రలున్నాయి.

"ఇవేంటక్కా?"

"నువ్విచ్చినవే. అందరివీ కలిపేశాం. పొద్దున్నే పంచుకుంటాం."

"కలిపేశారా?"

"సగంమందికి ఉత్తవని నువ్వే చెప్పావుగా. మా పెద్దాడికి ఎర్రచీటీ వచ్చింది, ఇదిగో, ఈ బువాఫన్ కొడుక్కి నల్లది. మావాడు తిరిగొచ్చేదాకా నేను దీని మొహం చూళ్లేకపోయాను. కొడుకుల్ని ఎలాగూ పంచుకోలేం. మాత్రలకేమొచ్చింది?"

"మొహమే కాదు, నేను చేసిన పచ్చడి కూడా ముట్టుకోలేదు, మహాతల్లి," అన్నది బువాఫన్, దారం కొరుకుతూ.

అందరూ నవ్వారు. ఉరై కూడా నవ్వబోయింది. అంతలో వెనుకనుంచి కమ్మూన్ అవ్వ మెల్లగా వచ్చి, బుట్టలో చెయ్యి పెట్టింది.

"అవ్వా, నువ్వూనా?"

"వీళ్లంతా మింగుతుంటే నన్ను చూస్తూ కూర్చోమంటావా? ఒకే బుట్టలో ముద్ద తీసుకు తిన్నవాళ్లం."

ఉరై చూపు ఆమె పాదాలమీద నిలిచింది. చెప్పు పట్టె ఒరుసుకున్నచోట లోతుగా గాడి పడి ఉంది. వంగి బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు, పాదాలకు నీరు పట్టింది. అవ్వ చేతిలోని మాత్ర తీసేసి, "మాట్లాడకుండా నాతో రా," అన్నది. ఎప్పుడూ అంత కటువుగా మాట్లాడని మనిషి. అవ్వ ఆమె వెంట నడిచింది. మగ్గాలు ఆగిపోయాయి.

ఆసుపత్రిలో అవ్వకు రక్తం తీసిన తరువాత ఫలితం వచ్చేదాకా ఉరై వసారాలో నిలిచినచోట నిలవలేకపోయింది. అవ్వేమో పక్క మంచంవాళ్ల ఊరేదో కనుక్కొని, వాళ్ల మేనత్తతో చుట్టరికం కలుపుకొన్నది.

జరిగినది విని డాక్టర్ విచియన్ నోంగ్‌ఫై వాళ్ల కాగితాలు దగ్గరికి తీసుకున్నాడు. "వీళ్ల ఫలితాలన్నీ పక్కన పెట్టాలి," అన్నాడు. "ఇతరులకు ఇవ్వకూడదని మీరు చెప్పలేదా?"

"చెప్పానండి. చీటీల మాట తరవాత చెప్పాను. అప్పటికి వాళ్లు వినడం మానేసి కొడుకుల్ని తలుచుకుంటున్నారు."

ఫలితం వచ్చింది. అవ్వ మూత్రపిండాలు మునుపటికన్నా దెబ్బతిన్నాయి. మందు ఆపి, ఆసుపత్రిలో ఉంచారు. కొన్నాళ్లకు వాపు తీసింది. రక్తపరీక్ష కొంత మెరుగైంది గాని, మొదటి స్థితికి రాలేదు. వస్తుందో లేదో డాక్టరు చెప్పలేకపోయాడు. తెలియదన్న మాట ఇన్నేళ్లుగా ఇతరులకు చెప్పిన ఉరైకి, దాన్ని వినడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

నోంగ్‌ఫై వాళ్లను పరీక్షనుంచి తప్పించి, మామూలు వైద్యంలో ఉంచారు. వాళ్లు అవ్వను చూడటానికి వచ్చి మంచం చుట్టూ కూర్చుని బుట్ట దించారు. థోంగ్‌సాయ్ తల ఎత్తలేదు. ఉరై ఎవరినీ అడగకుండా బుట్ట మూత తీసి లోపలికి చూసింది.

"వెతుక్కో, వెతుక్కో. అన్నమేనే," అన్నది అవ్వ. "నీకూ పెడతాం, కూర్చో."

ఉరై కూర్చున్నది. ముద్ద చేతిలోకి తీసుకున్నది గాని, కళ్లు మాత్రం అవ్వ పాదాలమీదనే ఉన్నాయి.

మరుసటి వారం వేరే ఊరివాళ్లు వచ్చారు. చీటీల మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని, మందు పేరైనా ఎత్తకుండా అడిగింది:

"ముందు ఇది చెప్పండి. మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఇంకెవరికి మోకాళ్ల నొప్పి?"